అనంతగిరిలో రాత్రి ఉండాలి

విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కి, బొర్రా గుహలనో అరకు లోయనో చూసుకుని, చీకటి పడేలోగా ఘాటీ దిగిపోయేవాళ్లే మా వైపు ఎక్కువ. విజయనగరంలో మా వీధి వీధంతా అలాగే వెళ్లొస్తుంది. హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి నన్ను అడిగినవాళ్లందరికీ ఒక్కటే చెబుతాను: చలికాలంలో కొండకి వెళ్తే రాత్రి అక్కడే ఉండండి. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ కొండల అందమంతా పొద్దు వాలాక మొదలై, మర్నాడు ఎనిమిది, తొమ్మిది గంటలకల్లా అయిపోతుంది. పన్నెండింటికి బండి దిగినవాళ్లకి అది కనపడదు.

మేం క్రిస్మస్ సెలవుల రద్దీ తగ్గాక, సంక్రాంతి రద్దీ మొదలవకముందు, వారం మధ్యలో వెళ్తాం. మా అత్తగారు, మేమిద్దరం, హైదరాబాదు నుంచి అబ్బాయి, కోడలు, మనవలు. శృంగవరపుకోట దాటాక ఘాటీ మొదలవుతుంది. టైడా దగ్గర అడవి మధ్యలో టూరిజం వాళ్ల జంగిల్ బెల్స్ ఉంది, పక్షులంటే ఇష్టమున్నవాళ్లకి అదే మంచిది. మేం ఇంకా పైకి, అనంతగిరిలోని హరిత రిసార్టుకి పోతాం. వెయ్యి మీటర్లకు పైన ఉన్న చోటది. ముందు లోయ, చుట్టూ కాఫీ తోటలు. మెట్లు తక్కువగా ఉన్న గది కావాలని ముందే చెప్పి ఉంచుతాం, మా అత్తగారికి మోకాళ్లు పనిచేయవు. ఆవిడ రాననదు. వరండాలో కుర్చీ వేసి, కాళ్ల మీద శాలువా కప్పితే చాలు, ఆ రెండు రోజులూ లోయని చూస్తూ కూర్చుంటుంది. కుటుంబంతో వెళ్లేవాళ్లు గది ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది ఆ వరండానే అని నా అభిప్రాయం. ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కువసేపు గడిపేది అక్కడే.

కిందటిసారి మొదటి రాత్రే మనవరాలు అడిగింది, “నానమ్మా, వైజాగ్‌లో ఫ్యాను వేసుకున్నాం కదా, ఇక్కడ ఇంత చలేంటి?” అని. ఎత్తుకి పోయేకొద్దీ కిలోమీటరుకి సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. ఆ లెక్కన విశాఖలో తెల్లవారుజామున పద్దెనిమిది డిగ్రీలుంటే పైన పదకొండో పన్నెండో ఉండాలి. కానీ అరకు, చింతపల్లి, లంబసింగి వైపు పుష్యమాసంలో ఐదారు డిగ్రీలకి దిగే రాత్రులుంటాయి. లంబసింగిలో అంతకన్నా తక్కువకి కూడా పోతుంది. ఎత్తు ఒక్కటే కారణమైతే అంత పడిపోదు.

పగలంతా ఎండకి కాగిన నేల రాత్రిపూట ఆ వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. మబ్బు ఉంటే రగ్గు కప్పినట్టు ఆ వేడి కిందే ఆగుతుంది. చలికాలంలో ఆకాశం తేటగా ఉంటుంది, గాలిలో తేమ తగ్గుతుంది, రాత్రి పొడుగు. దాంతో నేల బాగా చల్లారి, దాన్ని ఆనుకున్న గాలిని కూడా చల్లబరుస్తుంది. చల్లటి గాలి బరువెక్కువ కాబట్టి వాలు వెంట జారి పల్లంలో చేరుతుంది. దాని పైన కాస్త వెచ్చని గాలి పొర నిలబడితే కింది గాలి పైకి లేవలేదు. అందుకే కొన్ని రాత్రులు కొండవాలు కన్నా లోయ అడుగునే చలి ఎక్కువ. ఆ చలికి అక్కడున్న తేమ పొగమంచయి, లోయ నిండి, అక్కడే ఆగిపోతుంది. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద నుంచీ, లంబసింగి దగ్గర చెరువులవేనం మీద నుంచీ జనం చూసే మబ్బుల సముద్రం చాలా రోజుల్లో ఇదే. ఎండ వాలుని వేడి చేయగానే గాలి కదులుతుంది, మంచు విడిపోతుంది. తొమ్మిది తర్వాత ఎక్కినవాళ్లకి మామూలు లోయ కనపడుతుంది.

బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్నప్పుడు వెళ్తే ఇదేదీ ఉండదు. మబ్బు కమ్మి, చలి తగ్గి, ముసురు పడుతుంది. గది బుక్ చేసేముందు వాతావరణ శాఖ చెప్పేది వినండి. వాన పోయి ఆకాశం తేటపడ్డాక వచ్చే రాత్రులు మంచివి.

చలి అనగానే అందరూ స్వెట్టర్ల గురించి మాట్లాడతారు, నేను కుంపటి గురించి మాట్లాడతాను. ఆరుబయట నెగడు వేసుకోండి, చుట్టూ కూర్చోండి, పిల్లలకి అంతకన్నా సరదా లేదు. ఆ నిప్పులు మాత్రం గదిలోకి తీసుకుపోకండి. తలుపులు, కిటికీలు మూసిన గదిలో బొగ్గులు రగులుతుంటే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. టెంటుల్లో పడుకునే కుర్రవాళ్లకి ఇది మరీ గట్టిగా చెప్పాలి. ఇంకో మాట, సాయంత్రం నాలుగు లోపు పైకి చేరిపోండి. రాత్రి మంచులో ఘాటీ మలుపులు కనపడవు.

ఆ సాయంత్రం రిసార్టు ఆవరణలో స్థానిక ఆదివాసీలు థింసా ఆడారు. ఆడవాళ్లు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసి, డప్పు, తుడుము మోతకి వరసగా కదులుతారు. మధ్యలోకి దూరి ఫొటోలు దిగేవాళ్లుంటారు. మా పిల్లల్ని కూర్చుని చూడమన్నాను. చైత్రంలో ఇటుకల పండుగకి ఊరూరా ఆడుకునే ఆట అది, దాని మర్యాద దానికి ఉంది. ఆట అయ్యాక మా అత్తగారు ఒకావిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, “మీ ఊళ్లో పంటలెలా ఉన్నాయమ్మా?” అని అడిగారు. రేపు పొద్దున్నే కాఫీ కోతకి పోవాలని ఆవిడ చెప్పింది. మేమూ వస్తామంటే రమ్మంది.

మర్నాడు మంచు ఇంకా వదలకముందే తోటలో ఉన్నాం. పైన నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. ఇక్కడ పండేది అరబికా రకం. మార్చి, ఏప్రిల్ జల్లులకి తెల్లగా పూసి, నవంబరు నుంచి పండుతుంది. ఒకే కొమ్మకి పచ్చకాయ, పసుపుకాయ, ఎర్రపండు కలిసి ఉంటాయి. మనవరాలు కొమ్మంతా దూయబోతే ఆవిడ చెయ్యి పట్టుకుంది. “పచ్చివి కొయ్యకు పాపా, ఎర్రగా ఉన్నవే తియ్యి” అంది. పచ్చికాయ కలిస్తే రుచి పాడవుతుంది, ధర పోతుంది. అందుకే ఒకే మొక్క దగ్గరికి కోతకాలంలో మళ్లీ మళ్లీ రావాలి. కోసిన రోజే తోలు తీసి, జిగురు పోయేదాకా కడిగి, గింజల్ని ఎండబెట్టాలి. సుమారు ఆరు కిలోల పండుకి ఒక కిలో గింజ వస్తుంది. మనం చలికి వణుకుతూ ముచ్చటపడే ఈ నెలలే వాళ్లకి పని నెలలు. ఆ వేళకి మా మనవడి వేళ్లు కొంకర్లు పోయాయి, ఆవిడ బుట్ట సగం నిండింది.

అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకుముందే, 2017లో, పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. ఈ కొండల్లో చిన్నచిన్న కమతాల ఆదివాసీలు పండించిన గింజ అంతదూరం పోయిందంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఊటీ, మున్నారు చూసొచ్చినవాళ్లు ఇక్కడ పెద్ద పెద్ద ప్రైవేటు హోటళ్లు వరసగా ఎందుకు లేవని అడుగుతుంటారు. ఇది షెడ్యూల్డు ప్రాంతం. మనందరం 1/70 చట్టం అని పిలిచే 1970 నాటి నిబంధన ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. ఇదే అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో, గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకి ఇస్తే సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లి పోరాడింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి లీజుకివ్వకూడదని 1997లో తీర్పు వచ్చింది. ఇక్కడి ఆదివాసీలకి ఆ తీర్పు ఒక అండ. మనం వరండాలో కూర్చుని చూసే ఆ లోయ తవ్వకాల పాలు కాకుండా మిగలడంలో ఈ పోరాటాల పాత్ర పెద్దది. కాబట్టి ప్రభుత్వ కాటేజీ దొరక్కపోతే స్థానిక ఆదివాసీ కుటుంబం నడిపే హోమ్‌స్టే వెతకండి. సదుపాయాలు తక్కువే ఉండొచ్చు, వేడినీళ్లు బకెట్టుతో రావొచ్చు. డబ్బు మాత్రం భూమి ఉన్నవాళ్లకే చేరుతుంది.

భోజనం సంగతి. బొంగులో చికెన్ గురించి అందరికీ తెలుసు. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకులతో మూతి మూసి, నిప్పుల మీద తిప్పుతారు. నూనె అక్కర్లేదు, బొంగులోని పచ్చి తేమకే ఉడుకుతుంది. నేను మాత్రం ఏజెన్సీ రాజ్మా, చోడి అంబలి, సంతలో అప్పుడే తవ్వి తెచ్చిన అల్లం గురించి చెబుతాను. ఉదయం ఒక గిన్నెడు వేడి అంబలి తాగితే మంచులో నడవడానికి ఒంట్లో సత్తువ ఉంటుంది.

వలిసె పూల కోసం వెళ్లేవాళ్లు నవంబరులోనే వెళ్లాలి. క్రిస్మస్ నాటికి చాలా చేలల్లో పూత అయిపోయి గింజ కడుతుంది. అది నూనె గింజ పంట, తోట కాదు. ఫొటోల కోసం చేను మధ్యలోకి నడిస్తే తొక్కిన మేరా గింజ రాలదు. కొన్నిచోట్ల రైతులు పదో ఇరవయ్యో అడుగుతారు. బేరమాడకుండా ఇవ్వండి.

పిల్లలుంటే ఒక వైపు ప్రయాణమైనా రైల్లో చేయండి. కొత్తవలస, కిరండూల్ మధ్య ఈ లైను బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసింది. దారిలో 58 సొరంగాలు. శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. 2017 నుంచి అద్దాల విస్టాడోమ్ బోగీ కూడా తగిలిస్తున్నారు. టికెట్లు త్వరగా అయిపోతాయి, మామూలు బోగీలో కిటికీ పక్కన సీటు దొరికినా చాలు. బొర్రా గుహలకి అదే రోజు వెళ్లొద్దు. అలసిపోయిన పిల్లలు ఆ మెట్లు దిగి ఎక్కలేరు. మర్నాడు భోజనం వేళ దాటకముందు వెళ్తే, సున్నపురాయిని గోస్తనీ నీళ్లు కరిగించి చెక్కిన ఆ గుహల్ని తీరిగ్గా చూడొచ్చు.

ఈ పుష్యమాసంలో వారం మధ్యలో రెండు రాత్రులకి గది తీసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లని వదిలి వెళ్లకండి, శాలువాలు, మందులు సర్దుకుని వెంట తీసుకెళ్లండి. తెల్లారకముందే పిల్లల్ని లేపండి. మన చెత్త మనమే కిందికి తెచ్చుకుందాం. తిరిగొచ్చేటప్పుడు కాఫీ పొడి గిరిజన సహకార సంస్థ దుకాణంలోనో, పండించినవాళ్ల దగ్గరో కొనండి.