మార్టేరు వడ్లు దేశమంతా పండె – కౌలుదారు గాదెలో మిగిలిందెంత?

పశ్చిమ గోదావరి జిల్లా పెనుమంట్ర మండలంలోని మార్టేరు చూడబోతే మామూలు డెల్టా గ్రామమే. జిల్లా దాటితే ఆ పేరు ఎరిగినవారు తక్కువ. కాని అక్కడి వరి పరిశోధనా కేంద్రంలో పుట్టిన ఒక విత్తనం ఒడిశా, బెంగాలు, బీహారు పొలాలకే గాక బంగ్లాదేశ్‌కు కూడా వెళ్లింది. ఎం.టి.యు. 7029 అన్నది కేంద్రం వారి నెంబరు. రైతులకు మాత్రం అది 'స్వర్ణ'. వశిష్ట, మసూరి రకాలను సంకరపరచి తయారు చేసిన ఈ వంగడం 1982లో విడుదలయింది. కేంద్రం మాత్రం అంతకన్నా చాలా ముందుది, 1925 నాటిది.

అంతకు ముందు ఈ డెల్టాలో అక్కుళ్లు, కృష్ణకాటుకలు, ఆట్రగడ వంటి పొడుగు రకాలు ఉండేవి. అన్నం కమ్మగా ఉండేది, పశువులకు గడ్డి దండిగా దొరికేది. అయితే నాలుగు గంపల ఎరువు ఎక్కువ పడితే చేను కాస్తా నేలకొరిగేది. 1960 దశకం మొదట్లో ప్యాకేజీ ప్రోగ్రాంకు దేశం మొత్తం మీద ఎంపికయిన తొలి ఏడు జిల్లాలలో పశ్చిమ గోదావరి ఒకటి. తరువాత ఫిలిప్పీన్స్ నుంచి ఐ.ఆర్.8 వచ్చింది. దానిని తొలినాళ్లలోనే పండించి చూపిన ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారికి 'మిస్టర్ ఐ.ఆర్.8' అన్న పేరు స్థిరపడింది. గింజలు రాలినమాట నిజమే గాని, ఆ లావు బియ్యం అన్నం చల్లారితే గట్టిపడేది. అమ్మబోతే ధర లేదు, తినబోతే రుచి లేదు. ఆ లోటును తీర్చింది స్వర్ణ. పొట్టి పైరు, మధ్యరకం గింజ, తక్కువ నత్రజనితోనూ ఫరవాలేదనిపించే దిగుబడి. పొరుగు రాష్ట్రాలలో అది రైతు నుంచి రైతుకు చేతులు మారుతూ పాకింది.

అయితే దీనికి ఒక చిక్కు ఉన్నది. ఇది 150 రోజుల పంట. నాట్లు ఆలస్యమయితే కోత నవంబరు దాటుతుంది. బంగాళాఖాతంలో తుపానులు లేచే రోజులు సరిగ్గా అవే. 1996 నవంబరు తుపానును కోనసీమ వారికి వేరే గుర్తు చేయనవసరం లేదు. మురుగు కాలువలు పూడిన చోట చిన్న వానకే చేలు చెరువులవుతాయి. ఒడిశా పాతరకం వరి నుంచి తీసిన జన్యువును కలిపి తయారు చేసిన 'స్వర్ణ సబ్‌-1' 2009లో వచ్చింది. ఎదిగే దశలో రెండు వారాలు నీట మునిగినా అది తిరిగి లేస్తుంది. కాని కోతకు వచ్చిన చేను పడి మొలకెత్తితే ఏ జన్యువు ఏం చేయగలదు? అక్కడ కావలసింది కాలువల పూడికతీత.

దిగుబడి పెరిగింది సరే, రైతు చేతిలో మిగిలిందేమిటన్న ప్రశ్నకు 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు జవాబిచ్చారు. నీరుండీ, విత్తనముండీ, 'క్రాప్ హాలిడే' అంటూ నాట్లు వేయక పొలాలు బీడు పెట్టారు. అన్నపూర్ణ అని పిలుచుకునే సీమలో ఇది జరగడం గమనార్హం. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు రూ.1,080, అంటే 75 కిలోల బస్తాకు రూ.810. 2025-26కు అది క్వింటాలుకు రూ.2,369, బస్తాకు సుమారు రూ.1,777 అయింది. ధర రెట్టింపు దాటింది గదా అనవచ్చు. ఈ పధ్నాలుగేళ్లలో నాట్ల కూలి, కోతమిషను అద్దె ఎంత పెరిగాయో ఏ కౌలుదారునడిగినా వేళ్ల మీద లెక్క చెబుతాడు.

అసలు మెలిక కౌలులోనే ఉన్నది. డెల్టాలో భూమి ఒకరిది, సేద్యం మరొకరిది. కౌలు ముందుగానే బస్తాల లెక్కన కుదురుతుంది. చేను పండేకొద్దీ కౌలూ పెరుగుతుంది. చేను మునిగినా ఇవ్వవలసిన బస్తాలు ఇవ్వవలసిందే. అనగా మార్టేరు శాస్త్రజ్ఞులు పెంచిన బస్తాలలో కొన్ని నేరుగా పట్టాదారు గాదెకే చేరుతున్నాయన్నమాట.

కౌలుదారుకు బ్యాంకు అప్పు, పంటల బీమా దక్కేలా 2011లో ఒక చట్టం, 2019లో మరొక చట్టం వచ్చాయి. రెండవ దాని ప్రకారం 11 నెలల ఒప్పందంతో సాగుదారు హక్కుల కార్డు ఇస్తారు, భూమి మీద యజమాని హక్కుకు భంగం ఉండదు. కాని ఆ ఒప్పందం మీద యజమాని సంతకం ఉండాలి. కాగితం మీద సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనన్న భయం పట్టాదారులలో పోలేదు. పట్టుబట్టి అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వరేమోనన్న భయం కౌలుదారుది.