గేటు తాళం ఎవరి దగ్గర?

మీరు అద్దెకుంటున్న పది బై పది గది ఇరుకనిపిస్తోందా? అమెరికాలో డీ విలియమ్స్ కట్టుకున్న సొంతిల్లు అంతకంటే చిన్నది... 84 చదరపు అడుగులే! నలభై దాటగానే ఆమెకి గుండెజబ్బు బయటపడింది. పోర్ట్‌ల్యాండ్‌లో పెద్దిల్లు, దాని మీద లోను, ఎప్పుడూ ఏదో ఒక రిపేరు. ఉన్న టైమంతా ఇంటికేనా అనుకుంది. డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు తిరగేసిన పత్రికలో బుల్లి ఇంటి గురించి చదివి, 2004లో చక్రాల మీద తనే ఒకటి కట్టుకుంది. ఖర్చు సుమారు 10 వేల డాలర్లు. పడక అటక మీద. లోను లేదు.

కాకపోతే అందులో షవరూ లేదు, కుళాయీ లేదు. ఇంటిని నిలిపింది స్నేహితుల పెరట్లో, స్నానం వాళ్లింట్లో. ఫొటోలు చూసి మురిసిపోయేవాళ్లకి ఇవి కనిపించవు.

మన సిటీల్లో చక్రాల ఇంటికి పెరడు ఎక్కడ దొరుకుతుంది? కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయికి అందేది సింగిల్ రూమో, వన్ ఆర్‌కేనో. హాస్టల్ షేరింగ్ కంటే అద్దె ఎక్కువే. అయినా లైటు ఎప్పుడు ఆర్పాలో మీ ఇష్టం. 'ఎందుకు లేటైంది?' అని అడిగేవాళ్లుండరు, ఓనరు ఆంటీ తప్ప!

అందుకే అడ్వాన్స్ ఇచ్చేముందు ఓసారి చీకటిపడ్డాక వెళ్లి చూడండి. వీధిలైటు వెలుగుతోందా, లోపలి గడియ గట్టిగా ఉందా, నీళ్లెప్పుడొస్తాయి, కరెంటుకి విడి మీటరుందా? అగ్రిమెంటు నాన్న పేరు మీద కాకుండా మీ పేరు మీదే రాయించుకోండి. నైట్ షిఫ్టు ఉంటే గేటు తాళంచెవి ఒకటి మీకూ ఇమ్మని ముందే అడగండి.