రాయవేలూరు కోటలో రాకెట్ల పాఠం

గుడియాత్తం నుంచి పిల్లల్ని వేలూరు కోటకు తీసుకొచ్చే ఉపాధ్యాయులు అగడ్త, జలకంఠేశ్వరాలయం, టిప్పు మహలు చూపించి బస్సెక్కించేస్తారు. ఈసారి టిప్పు మహలు దగ్గర ఇంకో పది నిమిషాలు ఆగమని కోరుతున్నాం.

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు కుటుంబాన్ని ఇంగ్లీషువారు ఉంచింది ఈ కోటలోనే. ఆ యుద్ధంలో వారికి చిక్కినవాటిలో మైసూరు రాకెట్లూ ఉన్నాయి. ఇనుప గొట్టంలో మందు కూరి, వెదురు కర్రకు కట్టి వదిలేవారు. 1780 సెప్టెంబరు 10న కంచి దగ్గరి పొల్లిలూరులో కంపెనీ సేన మందుగుండు బండ్లు పేలిపోయింది ఈ రాకెట్ల వల్లేనని చెబుతారు. చిక్కిన రాకెట్లు ఇంగ్లండుకు వెళ్లాయి. విలియం కాంగ్రీవ్ వాటి ఆధారంగా కొత్తవి తయారుచేశాడు. 1807లో కోపెన్‌హాగన్‌ నగరం మీద కురిసినవి అవే. ఆయుధం మన నేలది. దాన్ని కొలిచి, పరీక్షించి, మెరుగుపరుస్తూ పోయిన కర్మాగారం వాళ్లది. రక్షణ విధానం అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మాకు దొరకలేదు.

ఆకాశ రక్షణ అనగానే పిల్లలకు యుద్ధవిమానమే గుర్తొస్తుంది. 2019 దాకా మన జిల్లాలోనే ఉన్న అరక్కోణంలో నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ రాజాళి ఉంది. అక్కడి పీ-8ఐ విమానాలు సముద్రంలో జలాంతర్గాములను వెదుకుతాయి. కానీ నేటి సేనలకు దారి చూపడానికీ, మాట చేరవేయడానికీ ఉపగ్రహాలు కావాలి. నౌకాదళం అవసరాల కోసం 2013లో జీశాట్-7ను పంపింది అందుకే.

2019 మార్చి 27న మన క్షిపణి సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున మన ఉపగ్రహాన్నే కూల్చింది. అప్పుడు డీఆర్‌డీవో అధిపతి నెల్లూరు జిల్లాకు చెందిన జి. సతీష్ రెడ్డి. అదే ఏడు రక్షణ అంతరిక్ష సంస్థ ఏర్పడింది. దేశమంతా చప్పట్లు కొట్టింది, మేమూ కొట్టాం. అయితే కూల్చడం ఒక రోజు పని. ఉన్నవాటిని ఏళ్ల తరబడి పనిచేయించడమే కష్టం. విదేశీ జీపీఎస్‌పై ఆధారపడకూడదని మనం కట్టుకున్న నావిక్‌లో అణు గడియారాలు చెడిపోయి కొన్ని ఉపగ్రహాలు దారి చూపడం మానేశాయి. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేదు.

గడియారం చెడితే దారి ఎందుకు తప్పుతుందని పిల్లలు తప్పకుండా అడుగుతారు. అక్కడ లెక్కల మాస్టారు అందుకోవాలి. ఉపగ్రహం నుంచి సంకేతం రావడానికి పట్టిన కాలాన్ని బట్టే దూరం లెక్కిస్తారు. సంకేతం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. మరి గడియారం సెకనులో పది లక్షలవ వంతు తప్పితే దూరం ఎంత తప్పుతుంది? కోట మైదానంలో కూర్చోబెట్టి, తెలుగులోనే లెక్క వేయించండి. 300 మీటర్లు వస్తుంది. ఆ 300 మీటర్లను అక్కడే అడుగులతో కొలిపించండి.