ఆట మూతపడితే స్క్వాడ్ ఎటు పోవాలి?

2020 సెప్టెంబర్ 2న కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను బ్యాన్ చేసింది. అందులో 117 పేర్లు ఇప్పుడు అడిగితే ఎవరూ చెప్పలేరు. మిగిలిన ఆ ఒక్కటి మాత్రం అందరికీ గుర్తే: పబ్జీ మొబైల్. అక్టోబర్ 30కి సర్వర్లు కూడా బంద్ అయ్యాయి. "పీడా పోయింది, ఇక పిల్లలు బాగుపడతారు" అని ఇళ్లలో తెగ సంబరపడ్డారు. పోయింది ఒక ఆటే కదా అనుకున్నారు.

మా స్క్వాడ్‌లో నలుగురం. నిజామాబాద్ అన్న, తెనాలి తమ్ముడు, దుబాయ్‌లో ఏసీ మెకానిక్‌గా పనిచేసే బావ, నేను. అసలు పేర్లు ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ అవసరమే రాలేదు. రాత్రి పదింటికి నలుగురం ఆన్‌లైన్‌లో కనిపిస్తే చాలు, నేరుగా పోచింకిలో దిగడమే. "రేయ్, మెట్ల కింద ఉన్నాడ్రా", "బావా, ముందు నన్ను రివైవ్ చెయ్యి"... ఈ అరుపుల మధ్యలోనే తమ్ముడి బ్యాక్‌లాగ్‌లు, బావ వాళ్ల ఓనర్ ఆపేసిన జీతం, అన్న వాళ్ల నాన్న గుండె ఆపరేషన్. అన్నీ మాట్లాడుకునేవాళ్లం.

2021 జులై 2న అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. పాత అకౌంట్ డేటా తెచ్చుకునే ఆప్షన్ కూడా ఇచ్చారు. నా స్కిన్లు వచ్చేశాయి. నిజామాబాద్ అన్న రాలేదు. 2022 జులైలో ఆ ఆటను కూడా యాప్ స్టోర్ల నుంచి తీసేశారు. 2023 మేలో మళ్లీ వచ్చింది. ఈలోపు ఫ్రీ ఫైర్ మీదా బ్యాన్ పడింది. ఎన్ని వచ్చినా, ఎన్ని పోయినా అన్న మాత్రం ఎక్కడా కనిపించలేదు. వాళ్ల నాన్నకి ఎలా ఉందో నాకు ఇప్పటికీ తెలీదు.

"నంబర్ తీసుకుని వాట్సాప్ గ్రూప్ పెట్టుకోవాల్సింది కదా" అంటారా? మా బ్యాచ్‌లోకి తర్వాత వచ్చిన విశాఖ అమ్మాయిని అడగండి. నెలల తరబడి మైక్ ఆఫ్ చేసి ఆడింది. ఏం చెప్పాలన్నా టైప్ చేసేది. ఆమె స్నైపింగ్ చూసి మేమంతా ఎవడో సీనియర్ అబ్బాయి అనుకున్నాం. మైక్ ఆన్ చేస్తే ఏమవుతుందో ఆడే అమ్మాయిలందరికీ తెలుసు. ముందు "అమ్మాయా?" అంటారు, తర్వాత ఇన్‌స్టా అడుగుతారు, ఇవ్వకపోతే తిడతారు. వాట్సాప్ గ్రూప్‌లో చేరితే నంబర్ గ్రూప్ మొత్తానికీ కనిపిస్తుంది. అంత ధైర్యం ఎవరు చేస్తారు?

పేరు, నంబర్, ఫొటో ఏవీ ఇవ్వకుండా, కానీ మనుషులు జారిపోకుండా ఉండే చోటు కావాలి. గేమర్లు ఇన్‌స్టా, ఫేస్‌బుక్ వదిలేసి వేరే చోట్లు వెతుక్కోవడానికి అసలు కారణం ఇదే.

అద్దె గదికి "సర్వర్" అని పేరు

అందరిలాగే మేమూ ముందు డిస్కార్డ్‌కి వెళ్లాం. దాని పుట్టుకే ఆటతో ముడిపడి ఉంది. జేసన్ సిట్రన్ టీమ్ ఐప్యాడ్ కోసం 'ఫేట్స్ ఫరెవర్' అనే గేమ్ చేసింది. అది ఆడలేదు. గేమర్లకి మంచి వాయిస్ చాట్ లేదని గమనించి, ఆ పని మీద పడి 2015లో డిస్కార్డ్ తెచ్చారు. ఫ్లాప్ గేమ్ లోంచి పుట్టిన హిట్ అన్నమాట. ఒప్పుకోవాలి, చాలా బాగా చేశారు. యూజర్‌నేమ్ ఉంటే చాలు. విశాఖ అమ్మాయి మొదటిసారి మైక్ ఆన్ చేసింది అక్కడే, ఎవరిని రానివ్వాలో మా చేతిలో ఉంది కాబట్టి.

అయితే అందులో "నా సర్వర్" అని మనం గొప్పగా చెప్పుకునేది నిజానికి సర్వర్ కాదు. వాళ్ల కంప్యూటర్లలో మనకిచ్చిన ఒక గది. తాళం వాళ్ల దగ్గరే. లోపల జరిగినది బయట ఏ సెర్చ్‌లోనూ దొరకదు. ఒకప్పుడు గేమ్ క్రాష్ అయితే గూగుల్ చేస్తే ఎవరో పదేళ్ల కిందట రాసిన జవాబు దొరికేది. ఇప్పుడు చాలాచోట్ల "మా డిస్కార్డ్‌లో చేరండి" అనే మాటే దొరుకుతోంది. చేరితే, మూడు వందల మెసేజ్‌ల కింద ఎక్కడో ఉంటుంది జవాబు.

పైగా 2025 అక్టోబర్‌లో ఇంకో వార్త. డిస్కార్డ్ కస్టమర్ సపోర్ట్ పనులు చూసే బయటి కంపెనీ హ్యాక్ అయ్యి, సుమారు 70 వేల మంది ప్రభుత్వ ఐడీ కార్డుల ఫొటోలు బయటపడి ఉండొచ్చని ఆ సంస్థే చెప్పింది. వయసు నిరూపించుకోడానికి ఇచ్చిన కార్డులూ వాటిలో ఉన్నాయి. పేరు కూడా చెప్పక్కర్లేదని వెళ్లిన చోట ఇదన్నమాట.

రెడిట్ కథ ఇంకోలా ఉంది. 2023 జూన్‌లో బయటి యాప్‌ల దగ్గర డబ్బు వసూలు చేస్తామనేసరికి, వేల సబ్‌రెడిట్‌లు నిరసనగా మూసుకున్నాయి. ఆర్-గేమింగ్ లాంటి పెద్దవి కూడా. కంపెనీ తగ్గలేదు. అపోలో యాప్ ఆ నెలాఖరుకి మూతపడింది.

మన దేశపు యాప్ అయితే వేరుగా ఉండేదా? బెంగళూరులో పుట్టిన 'కూ' తెలుగులోనూ ఉండేది కదా. 2024 జులైలో అదీ మూసేశారు. ఒక కంపెనీ చేతిలో ఉన్నంతకాలం, అది ఏ ఊరి కంపెనీ అయినా జరిగేది ఇంతే.

జియో నుంచి ఎయిర్‌టెల్‌కి కాల్ చేసినట్టు

రెడిట్ గొడవప్పుడు చాలామంది లెమ్మీకి, అంతకుముందు ట్విట్టర్ మస్క్ చేతికి వెళ్లినప్పుడు మాస్టడాన్‌కి వెళ్లారు. వీటి పేర్లు వినగానే ఏదో హ్యాకర్ల వ్యవహారం అనిపిస్తుంది గానీ, సంగతి సింపుల్. మీది జియో, నాది ఎయిర్‌టెల్. అయినా ఫోన్ చేసుకుంటాం కదా? మాస్టడాన్‌లో కూడా ఎవరి సర్వర్ వాళ్లది, ఎవరి రూల్స్ వాళ్లవి. అయినా ఒక సర్వర్‌లో ఉన్నవాళ్లు ఇంకో సర్వర్‌లో ఉన్నవాళ్లని ఫాలో అవ్వొచ్చు. నచ్చకపోతే సిమ్ పోర్ట్ చేసుకున్నట్టు వేరే సర్వర్‌కి మారొచ్చు, ఫాలోయర్లు వెంట వస్తారు. పాత పోస్టులు మాత్రం రావు.

అంతా బాగుందని చెప్పను. అక్కడ తెలుగు గేమర్లు చాలా తక్కువ. నేను తెలుగులో పోస్ట్ పెడితే లైక్ కొట్టేది మా బ్యాచ్ వాళ్లే. రీల్స్‌కి అలవాటుపడ్డ కళ్లకి ఆ ఫీడ్ మధ్యాహ్నం పూట పల్లెటూరి బస్టాండ్‌లా ఉంటుంది. సర్వర్ నడిపేవాళ్లు చాలామంది వాలంటీర్లు, ఖర్చు జేబులోంచే. 'హాగ్వార్ట్స్ లెగసీ' గేమ్ మీద గొడవలు ముదిరి, వేల మంది ఉన్న మాస్టడాన్ డాట్ లోల్ సర్వర్‌ని 2023లో దాని ఓనర్ విసిగిపోయి మూసేశాడు. కంపెనీ లేనంత మాత్రాన తిట్లు ఆగవు. తిట్లు తినేది ఆఫీసు బదులు ఒక మనిషి అవుతాడు, అంతే తేడా.

ఆటల సంగతీ ఇదే. యుబీసాఫ్ట్ వాళ్ల 'ది క్రూ' ఇంటర్నెట్ లేకపోతే నడవదు. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డబ్బు పెట్టి కొన్నవాళ్ల చేతిలో ఏమీ మిగల్లేదు. ఆ కోపంలోంచే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' మొదలుపెట్టాడు. అమ్మిన ఆటను ఆడుకునే స్థితిలో వదిలి వెళ్లండి అన్నదే డిమాండ్. 2025 జులైకి యూరప్‌లో దానికి 10 లక్షల సంతకాలు దాటాయి. మన దగ్గర మాత్రం గేమ్ మూతపడితే తిట్టుకుని ఇంకోటి డౌన్‌లోడ్ చేస్తాం. ఫ్రీ గేమ్ కదా, ఎవరిని అడుగుతాం?

ప్రస్తుతం మేము పదకొండు మందిమి. గొంతుకి మంబుల్ అనే ఓపెన్ సోర్స్ యాప్. తెనాలి తమ్ముడి పాత ల్యాప్‌టాప్ మీద లువాంటి నడుస్తుంది. మైన్‌క్రాఫ్ట్‌లా ఉంటుంది, ఉచితం, మన కంప్యూటర్‌లోనే నడుపుకోవచ్చు. ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్‌లో చాలావాటికి పబ్లిక్ ఐపీ ఇవ్వరు. దానికోసం తమ్ముడు కస్టమర్ కేర్‌తో చేసిన యుద్ధం ముందు పబ్జీ ఎంత! అదనపు ఖర్చు అందరం పంచుకుంటే ఒక్కొక్కరికి నెలకి ఒక టీ డబ్బులు. తెనాలిలో కరెంట్ పోతే మా ప్రపంచం కూడా ఆగిపోతుంది. బావ దుబాయ్ నుంచి "ఇన్వర్టర్ పెట్టించుకోరా" అని ఒకటే గోల.

చేరేవాళ్లు అసలు పేరు చెప్పక్కర్లేదు. కానీ ఆట బయట దొరికే అడ్రస్ ఒకటి ఇవ్వాలి, మాస్టడాన్‌దైనా సరే, ఉత్తుత్తి పేరుతో చేసిన మెయిల్ ఐడీ అయినా సరే. ఆ లిస్ట్ కాపీ ముగ్గురి దగ్గర ఉంటుంది. ఈ రూల్ రాసింది విశాఖ అమ్మాయి. ఇప్పుడు అడ్మిన్ కూడా ఆమే.

కొత్తవాళ్లకి గేట్లు తెరుద్దామని తమ్ముడు రెండు నెలలుగా అడుగుతున్నాడు. పదకొండు మందితో బోర్ కొడుతోందట. రాత్రి పూట చాట్ చూసుకోడానికి ఇంకో ఇద్దరు దొరికేదాకా కుదరదని ఆమె అంటోంది. పోయిన ఆదివారం ఓటింగ్ పెడితే అయిదు, అయిదు వచ్చాయి. బావకి నైట్ షిఫ్ట్, ఇంకా ఓటు వెయ్యలేదు.