సూర్యుడి పక్కనే మంచు దాచిన బుధుడు

సూర్యుడికి అన్నిటికంటే దగ్గరి గ్రహం బుధుడు. ఎండకు మాడిన బండరాయే కదా అనిపిస్తుంది. కానీ వ్యోమనౌకలు దగ్గరికెళ్లి చూసినకొద్దీ అక్కడ వింతలు బయటపడుతూనే ఉన్నాయి.

★ బుధుడి వ్యాసం సుమారు 4,880 కిలోమీటర్లు. గురుగ్రహపు చందమామ గానిమీడ్, శనిగ్రహపు చందమామ టైటాన్ కూడా ఇంతకంటే పెద్దవే! భూమ్మీద 60 కిలోలు తూగే మనిషి అక్కడ దాదాపు 23 కిలోలే తూగుతాడు.

★ బుధుడు 88 రోజుల్లో సూర్యుణ్ని చుట్టేస్తాడు. తన చుట్టూ తాను తిరగడానికి దాదాపు 59 రోజులు తీసుకుంటాడు. ఈ రెండు కదలికల వల్ల ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయానికి 176 రోజులు పడుతుంది. అంటే అక్కడ ఒక్క రోజు గడిచేలోగా రెండేళ్లు పూర్తవుతాయి!

★ కక్ష్య బాగా కోలగా ఉండటంతో సూర్యుడి నుంచి దూరం 4.6 కోట్ల నుంచి 7 కోట్ల కిలోమీటర్ల దాకా మారుతుంది. దగ్గరికొచ్చినప్పుడు బుధుడి వేగం బాగా పెరుగుతుంది. దాంతో కొన్ని చోట్ల సూర్యుడు ఉదయించి, వెనక్కి తిరిగి అస్తమించి, మళ్లీ ఉదయిస్తాడు.

★ పగలు 430 డిగ్రీల సెల్సియస్ వేడి, రాత్రి మైనస్ 180 డిగ్రీల చలి. వేడిని పట్టి ఉంచే వాతావరణం లేకపోవడమే కారణం. దట్టమైన వాతావరణం ఉన్న శుక్రుడు దూరంగా ఉన్నా ఇంతకంటే వేడి గ్రహం.

★ అంత వేడి గ్రహం మీదా మంచు ఉంది! బుధుడి అక్షం దాదాపు నిటారుగా ఉంటుంది. అందుకే ధ్రువాల దగ్గరి లోతైన బిలాల్లోకి ఎండ ఎన్నడూ దిగదు. 1991లో రాడార్‌కు అందిన ఆనవాళ్లను 2012లో మెసెంజర్ నౌక సమాచారం బలపరిచింది.

★ బుధుడి వ్యాసార్ధంలో దాదాపు 85 శాతం ఇనుము నిండిన కేంద్రకానిదే. భూమికైతే అది సగానికి కాస్త ఎక్కువ. ఈ కేంద్రకం చల్లారుతున్నకొద్దీ గ్రహం కుంచించుకుపోయి, ఎండిన ఉసిరికాయలా పైన ముడతలు పడింది. వ్యాసార్ధం ఇప్పటికి 7 కిలోమీటర్ల దాకా తగ్గిందని అంచనా.

★ అక్కడి బిలాలకు కవులు, కళాకారుల పేర్లు పెడతారు. వాల్మీకి, కాళిదాసులతో పాటు మన త్యాగరాజుకూ చోటు దక్కింది! సుమారు 100 కిలోమీటర్ల వెడల్పున్న త్యాగరాజ బిలంలో అంచుల్లేని, మెరిసే గుంతలు మెసెంజర్ చిత్రాల్లో కనిపించాయి. రాళ్లలోని కొన్ని పదార్థాలు ఆవిరై అంతరిక్షంలోకి పోవడంతో ఇవి ఏర్పడ్డాయని శాస్త్రవేత్తల అభిప్రాయం.

★ బుధుణ్ని మామూలు కంటితోనే చూడొచ్చు. ఆకాశంలో సూర్యుడికి 28 డిగ్రీలకు మించి ఎడంగా వెళ్లడు కాబట్టి, అనువైన రోజుల్లో పొద్దుగూకాక పడమర దిగువన గానీ, తెల్లవారుజామున తూర్పున గానీ వెతకాలి. బైనాక్యులర్స్ వాడేవాళ్లు సూర్యుడు పూర్తిగా అస్తమించాకే వాటిని పైకెత్తాలి.