సంతకం పెడితేనే... గాల్లోకి!

యుద్ధవిమానం ఆకాశాన్ని చీల్చుకుంటూ దూసుకుపోతుంటే అందరి కళ్లూ పైలట్ మీదే! మరి దాన్ని ఎగరడానికి సిద్ధం చేసినవాళ్ల సంగతో..? గ్రీజు మరకల చేతులతో నేలమీదే ఉండిపోయే ఆ మెకానిక్‌లను వాయుసేనలో టెక్నీషియన్లంటారు.

విమానం ఒక్కటే అయినా దాన్ని చూసుకునేది ఒక్కరు కాదు. ఇంజిన్‌కి ఒకరు, బాడీకి ఒకరు, కరెంటు వ్యవస్థకి మరొకరు, రేడియోకి ఇంకొకరు, ఆయుధాలకి వేరొకరు. ఎవరి పని వారు పూర్తిచేశాక ‘ఫారం 700’లో సంతకం చేయాలి. ఆ సంతకాలన్నీ చూసుకున్నాకే పైలట్ తన సంతకం పెట్టి విమానాన్ని తీసుకుంటాడు. రేపు ఏదైనా తేడా వస్తే ఏ పని ఎవరు చేశారో ఆ కాగితమే చెబుతుంది.

నట్టే కదా అనుకుంటే...
జెట్ ఇంజిన్ గాలిని బలంగా లోపలికి లాక్కుంటుంది. దాంతోపాటు చిన్న నట్టో, గులకరాయో వెళ్లిందంటే చాలు... లోపల తిరిగే బ్లేడ్లు దెబ్బతింటాయి. అందుకే సిబ్బంది వరసగా నడుస్తూ విమానాలు తిరిగేచోట చెత్తాచెదారం ఏరేస్తారు. పనిముట్లు పెట్టే బోర్డు మీద ఒక్కోదానికీ దాని ఆకారంలో గుర్తు ఉంటుంది. సాయంత్రానికి ఒక్క స్పానర్ చోటు ఖాళీగా కనిపించినా అది దొరికేదాకా విమానం కదలదు. ఇక పైలట్ సీటు... ప్రమాదంలో అతణ్ని బయటకు విసిరి కాపాడేది అదే. పొరపాటున నేలమీద పేలితే పక్కనున్న మెకానిక్ ప్రాణమే పోవచ్చు. అందుకే దానికి ఎర్ర రిబ్బన్ల సేఫ్టీ పిన్నులు.

చెమ్మ తెచ్చిన చేటు
2008 ఫిబ్రవరి 23న గువామ్ దీవిలో అమెరికాకి చెందిన బీ-2 బాంబర్ టేకాఫ్ అవుతూనే కూలిపోయింది. ఖరీదు సుమారు 140 కోట్ల డాలర్లు! పైలట్లిద్దరూ సీట్లతో సహా బయటపడి బతికారు. కారణం... గాలి పీడనాన్ని కొలిచే 24 సెన్సర్లలో మూడింట్లో చేరిన చెమ్మ. దానివల్ల కంప్యూటర్‌కి తప్పుడు లెక్కలు అందాయి. ముందుగా హీటర్ వేసి చెమ్మను ఆరబెట్టే చిట్కా కొందరు సిబ్బందికి తెలుసు. కానీ అది నియమంగా అందరికీ చేరలేదు. తెలిసింది రాసిపెట్టడం కూడా మెకానిక్ పనిలో భాగమేనని ఆ ప్రమాదం నేర్పింది.

కార్గిల్ వెనక...
1999 కార్గిల్ పోరులో మిరాజ్-2000 విమానాలు టైగర్ హిల్ మీద లేజర్ బాంబులు వేశాయి. అందుకోసం కొత్త లేజర్ పరికరాన్ని విమానానికి హడావుడిగా అమర్చాల్సి వచ్చింది. టెక్నీషియన్లు రాత్రింబవళ్లు పనిచేశారు. 1963లో వాయుసేనలో చేరిన మిగ్-21 విమానాలు 2025 సెప్టెంబరు 26న సెలవు తీసుకున్నాయి. 62 ఏళ్లపాటు వాటిని తరాలు మారిన చేతులే ఎగిరేలా ఉంచాయి.

హైదరాబాద్ శివారు దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో కుర్ర పైలట్ మొదటిసారి ఒంటరిగా ఎగిరే రోజున పక్కన గురువు ఉండడు. అతడు నమ్ముకునేది తను నేర్చుకున్న విద్యనీ, ఆ ఫారంలోని సంతకాలనీ! అందుకే చిన్న అనుమానమున్నా సంతకం పెట్టననే ధైర్యం మెకానిక్‌కి ఉండాలి. పై అధికారి తొందరపెట్టినా సరే!