రాతిగోడ సందులు

రాయచోటిలో మా మిద్దెగోడలు అడుసుతోఁ గట్టిన రాతిగోడలు. 2021 వేసవిలో వీథిగోడ సందులన్నియు సిమెంటుతోఁ బూయించి, ఇఁక భయము లేదని మురిసితిమి. ఆ నవంబరులో కడపసీమను ముంచిన వానలకు పూత చెక్కుచెదరలేదు. లోపలివైపే చెమ్మగిల్లి, అత్తగారి మంచముదాపున గోడ యుబ్బినది.

నేలనుండి యెక్కినదియు, మిద్దెనుండి దిగినదియునగు తడి సందుల గుండ వెలుపలికి ఆరిపోవలెను. సిమెంటు ఆ దారిని మూయును. లోన నిలిచిన తడి అడుసును కరఁగించును. రాయి యెంత గట్టిదైనను దానిని పట్టియుంచునది ఆ అడుసే కదా!

సోదరీమణులారా, వానలు రాకమునుపే మీ గోడలు చూచుకొనుఁడు. పెళుసైన సందును అంగుళము లోఁతున గోకించి, దుమ్ము దులిపించి, నీరు చల్లి, నానిన సున్నము పాలొకటికి ఇసుక మూఁడు పాళ్లు కలిపిన గారను తాపీతో నొత్తింపవలెను. గార రాతిముఖముపైకి ప్రాఁకరాదు. పిదప వారము దినములు తడిగోనెలు కప్పుట మన పనియే. మేస్త్రి కూలి పుచ్చుకొని వెడలిపోవును.

సిమెంటు పూయించినదానికంటె దానిని గోకించుటకే మాకు వ్యయ మెక్కువైనది. గోడ యిపుడు పొడిగనే యున్నది. అత్తగారు మాత్రము మంచమును జానెడు దూరముననే యుంచుచున్నారు.